బ్రౌజరు: తెలుగు చదువరుల సందేహములు

అంతర్జాలములోని పుటలను మన తెరపైకి తెచ్చి చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. తెలుగున దీనిని విహారిణి అని కొందరు వ్యవహరించుచున్నారు. పేరు అందముగనే యున్నది గాని మన యిండ్లలో ఎవరి నోటను అది నలుగలేదు. కావున మేమును బ్రౌజరు అనియే వ్రాయుచున్నాము. 1990వ సంవత్సరమున జెనీవా సమీపమందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు మొదటి బ్రౌజరును నిర్మించెను. నేడు క్రోము, ఫైర్‌ఫాక్సు, సఫారి, ఎడ్జి మొదలగునవి వాడుకలో నున్నవి. వాని చరిత్రను చెప్పుట మా ఉద్దేశము కాదు. మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తరచుగా అడుగుచుండు సందేహములలో కొన్నిటికి సమాధానము చెప్పుటకే యీ వ్యాసము. బెంగళూరులోని తెలుగు కుటుంబము ఒకే దినమున కన్నడములో ప్రకటన చదివి, ఆంగ్లములో దరఖాస్తు నింపి, తెలుగులో వార్తలు చూడవలసి యుండును. మూడు భాషల నడుమ మెలగువానికి బ్రౌజరుతో కలుగు చిక్కులు ఒకే భాషతో గడచువానికి కలుగవు.

అన్నిటికంటె ఎక్కువగా వినవచ్చు ప్రశ్న యిది: "తెలుగు పుట తెరచితే అక్షరములకు బదులు చిన్న చిన్న చతురస్రములు కనబడుచున్నవి. ఫోను చెడిపోయినదా?"

చెడిపోలేదు. అక్షరము బ్రౌజరునకు ఆకారముగా చేరదు, సంఖ్యగా చేరును. ప్రపంచ భాషల అక్షరములకెల్ల సంఖ్యలు కేటాయించిన ప్రమాణమునకు యూనికోడు అని పేరు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు 128 స్థానము లీయబడినవి. ఆ తరువాతి సంఖ్యయైన 3200 మొదలు 3327 వరకు కన్నడ లిపివి. మన 'అ' సంఖ్య 3077, కన్నడపు 'అ' సంఖ్య 3205. మన 'క' 3093, కన్నడపు 'క' 3221. తీసివేసి చూడుడు, రెండుచోట్లను భేదము సరిగా 128. అవెన్యూ రోడ్డు బోర్డులమీద అక్కచెల్లెండ్రవలె కనబడు ఈ రెండు లిపులు యంత్రములోను ప్రక్కప్రక్క వీధులలోనే కాపురమున్నవి. ఒక వీధిలోని యింటికి ఎదురుగా రెండవ వీధిలో అదే ధ్వనిగల అక్షరము నివసించుచున్నది.

సంఖ్య వచ్చినది, కాని ఆ సంఖ్యకు తగిన ఆకారము యంత్రములో లేదు. అప్పుడు బ్రౌజరు ఖాళీ చతురస్రమును చూపి ఊరకుండును. ఆకారములను సమకూర్చు దానిని ఖతి లేక ఫాంటు అందురు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తోడనే గౌతమి అను తెలుగు ఖతి లభించినది. శ్రీ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అను ఖతులను రూపొందించి ఉచితముగా పంచిరి. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ అను పేర్లతో సైతము ఖతు లున్నవి. అష్టదిగ్గజములలో ముగ్గురు కంప్యూటరులో స్థిరపడిరన్న మాట. నోటో అను ఖతుల పరంపర మరియొకటి కలదు. తెరపైని చతురస్రములను సోయా గింజలనుండి చేసెడి టోఫు ముక్కలతో పోల్చుట పరిపాటి. 'టోఫు వలదు' అను నర్థమిచ్చు ఆంగ్లపు మాటలనుండియే నోటో అను పేరు పుట్టినది. ఇప్పటి ఫోనులలో తెలుగు ఖతి ముందుగనే యుండును. పాత యంత్రములలో మాత్రము ఖతిని తెచ్చి ఉంచుకొన్నచో చతురస్రములు తొలగును. ఫైర్‌ఫాక్సులో ఒక్కొక్క లిపికి ప్రత్యేకముగా ఖతిని ఎన్నుకొను వీలుకూడ కలదు. వత్తులు అలికినట్లు కనబడుచున్నవని చెప్పు పెద్దలకు అది మిక్కిలి యుపయోగపడును.

చతురస్రములు గాక అక్షరములు విడివడి కనబడుట వేరొక చిక్కు. 'స్త్రీ' అనుదానిని తీసికొందము. మన కంటికి అది ఒక్క అక్షరము. యంత్రమునకు ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘము. ఈ ఆరింటిని చదివి, తకార రకారములను వత్తులుగా మార్చి, గుడిదీర్ఘమును తలకెక్కించి ఒక రూపముగా కూర్చుట కొక యంత్రాంగము వలయును. క్రోము, ఫైర్‌ఫాక్సులు రెండును హార్ఫ్‌బజ్ అను నొకే యంత్రాంగమును వాడుచున్నవి. అది లేని చోట, లేదా పాతబడిన చోట, పొల్లులు పొల్లులుగనే నిలిచి 'స్‌త్‌రీ' అని అచ్చువేయబడును. వెనుకకు చెరుపు మీటను ఒకసారి నొక్కినప్పుడు అక్షరమంతయు పోక గుడిదీర్ఘము మాత్రమే పోవుటకును కారణమిదే. ఆరింటిలో చివరిది మాత్రమే చెరిగినది. మా ఏడవ తరగతి పిల్లలకు అక్షరవిభాగము చెప్పునప్పుడు ఈ చెరుపు మీటనే చూపుచున్నాము. నల్లబల్లపై ఎంత వ్రాసినను తెలియని సంగతి ఒక్క నొక్కుతో తెలియును.

ఈ కూర్పులో తప్పు దొర్లిన ఎంత పని జరుగునో 2018 ఫిబ్రవరిలో లోకమెల్ల చూచినది. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో 'జ్ఞా' అను తెలుగు అక్షరమును ఒక విధమైన సంఖ్యాక్రమముతో పంపినచో, దానిని చూప ప్రయత్నించిన అనువర్తనము వెంటనే మూతపడుచుండెను. ఆ మాసము 19వ తేదీన సంస్థవారు 11.2.6 అను సవరణను విడుదల చేసి దోషమును పరిహరించిరి. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే అంతటి యంత్రమును ఆపివేసినదని పత్రికలవారు చమత్కరించిరి. చమత్కార మటుంచి, యంత్రమును సవరణలతో తాజాగా ఉంచుకొనుడని మేము మరల మరల చెప్పుట కిది మంచి నిదర్శనము. బ్రౌజరు "నన్ను సవరింపుము" అని అడిగినప్పుడు రేపు రేపని దాటవేయకుడు. అయితే ఆ మాట బ్రౌజరు సెట్టింగులలో కనబడవలెను. ఏదో ఒక పుట మధ్యలో "మీ బ్రౌజరు పాతది, ఇచట నొక్కుము" అని కనబడినచో అది మోసమనియే యెంచవలెను.

ఇంక మూడవ రకపు చిక్కు కలదు. తెలుగు ఉండవలసిన చోట అర్థము లేని ఆంగ్లాక్షరములును గుర్తులును కనబడును. యూనికోడు వ్యాప్తికి రాకమునుపు ఈనాడు, వార్త మొదలగు పత్రికలు అంతర్జాలమున తమతమ సొంత ఖతులను వాడెడివి. ఆంగ్లాక్షరముల సంఖ్యలు ఉన్నచోటనే తెలుగు ఆకారములను కూర్చుండబెట్టిన ఖతులవి. ఖతి ఉన్నంతసేపు తెలుగు, లేనిచో గందరగోళము. ఒక పత్రిక ఖతి మరియొక దానికి పనికిరాదు. ఆ పుటలలో ఒక మాటను వెదకుటయు సాధ్యము కాకుండెను. ఈ బాధను తీర్చుటకు శ్రీ వెన్న నాగార్జున గారు పద్మ అను ఉపకరణమును ఫైర్‌ఫాక్సు కుటుంబపు బ్రౌజరులకు నిర్మించిరి. దానిని చేర్చుకొన్నచో పత్రిక పుట తెరచిన క్షణముననే యూనికోడు తెలుగుగా మారిపోయెడిది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వీరే. 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్సు 57వ కూర్పుతో పాత పద్ధతి ఉపకరణములకు తావు లేకపోయెను. అప్పటికే పత్రికలు చాలవరకు యూనికోడునకు మారియుండెను గనుక నష్టము కొంచెమే.

కాని రోగము పూర్తిగా పోలేదు. అచ్చు పనికి వాడు అను ఖతులతో కూర్చిన ప్రశ్నపత్రములు, పాఠములు నేటికిని చేతులు మారుచున్నవి. వానిని తెరపై చదువవచ్చును. ప్రతి తీసి మరియొక చోట అతికించినచో గజిబిజి మిగులును. అట్టి పాఠమును యూనికోడునకు మార్చు సాధనములు ఉచితముగా లభించుచున్నవి. మార్చిన పిమ్మట వత్తులను ఒకసారి కన్నులార చదివి సరిచూచుకొనవలెను.

వెదకుటను గూర్చి. పుటలో ఒక మాట ఎక్కడున్నదో తెలిసికొనుటకు కంప్యూటరులో కంట్రోలు మీటతో ఎఫ్ మీటను నొక్కవలెను. ఫోనులో బ్రౌజరు మెనూలోని మూడు చుక్కలను తాకినచో 'పుటలో వెదకుము' అను నర్థముగల ఆదేశము దొరకును. మాట కంటి ఎదుటనే యున్నను బ్రౌజరు లేదని చెప్పుచున్నదే అని పిల్లలు ఆశ్చర్యపడుదురు. బ్రౌజరు అర్థమును వెదకదు, అక్షరములను వెదకును. మన యూరి పేరునే చూడుడు. ఒకరు బెంగళూరు అని వ్రాయుదురు, ఒకరు బెంగుళూరు అందురు. కొమ్ము ఒక్కటి తక్కువైనను దొరకదు. మరియొక సూక్ష్మమున్నది. ఫైర్‌ఫాక్సు అను మాటలో రకారపు పొల్లు క్రింద ఫకారము వత్తుగా చేరకుండుటకు నడుమ ఒక కనబడని గుర్తు ఉండును. దాని సంఖ్య 8204. కొన్ని శోధన సాధనములు దానిని లెక్కకు తీసికొనవు, కొన్ని తీసికొనును. అందుచేత పొడవైన మాట దొరకనిచో దానిలో మొదటి రెండు మూడు అక్షరములనే ఇచ్చి వెదకుడు. అప్పటికిని దొరకనిచో ఆ పుట అక్షరములు కాక ఛాయాచిత్రమై యుండవచ్చును. మన పిల్లలు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాసి వెదకుచున్నారు. 'తాత' అని వ్రాసినను 'టాటా' అని వ్రాసినను ఆంగ్లమున ఒకటే యగును. తెలుగు మీటల పలకను ఫోనులో చేర్చుకొని వెదకువారికి తెలుగు పుటలు దొరకినట్లు తక్కినవారికి దొరకవు.

బ్రౌజరు తాను దర్శించు ప్రతి స్థలమునకును "నా యజమాని ఈ భాషలు చదువును" అని ఒక వరుస పంపుచుండును. ఆ వరుసను మనమే కూర్చవచ్చును. సెట్టింగులలో భాషలు అను విభాగమును తెరచి తెలుగు మొదటను, కన్నడము రెండవదిగను, ఆంగ్లము మూడవదిగను ఉంచుడు. దానిని మన్నించు స్థలములు తెలుగు పుటనే ముందుగా చూపును. అన్నియు మన్నింపవు. ఫైర్‌ఫాక్సు, క్రోములలో మెనూలను సైతము తెలుగులో చూచుకొనవచ్చును.

దీని వెంట అనువాదపు ప్రశ్న వచ్చును. కన్నడ పుట తెరవగానే "అనువదింపుమందురా?" అని క్రోము అడుగుచున్నది. గూగుల్ అనువాదము 2011 జూనులో తెలుగు కన్నడములను చేర్చుకొన్నది. ప్రకటన సారమును గ్రహించుటకు ఇది బాగుగనే పనిచేయును. దరఖాస్తు నింపునప్పుడు మాత్రము అనువాదమును ఆపివేసి మూలపుటనే చూడవలెనని మా నిశ్చితాభిప్రాయము. యంత్రము మనుష్యుల పేర్లను, ఊళ్ల పేర్లను సైతము అర్థము చేసికొనబోవును. పుష్ప అను బాలిక పేరు పువ్వుగా మారినచో నవ్వుకొందుము గాని, విద్యార్థివేతనపు పత్రములో ఆ పేరు ఆధారుతో సరిపోలనిచో నవ్వు రాదు. పైగా క్రోము అనువదింపవలసిన పాఠమును గూగుల్ సంస్థ యంత్రములకు పంపును. ఫైర్‌ఫాక్సు 2023 నుండి కొన్ని భాషల అనువాదమును మన యంత్రములోనే జరుపుచున్నది. సొంత వివరములున్న పుటలకు ఈ భేదము తెలిసియుండుట మేలు.

ఇక తల్లిదండ్రులు ముఖ్యముగా చదువవలసిన భాగము. పదవ తరగతి పరీక్షకు కర్ణాటకమున ఏటేట సుమారు ఎనిమిది లక్షలమంది కూర్చుండుచున్నారు. ఫలితముల నాడు అందరును ఒకే గడియలో ఒకే స్థలమునకు పరుగెత్తుదురు. ఆ తొందరను కనిపెట్టి దొంగ స్థలములు వెలయును. అసలైనది ఏదో తెలిసికొనుట ఎట్లు?

మా తెలుగు తరగతిలో చెప్పు తత్పురుష సమాసమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రాజభటుడు అనగా రాజు కాడు, భటుడు. తత్పురుషమున చివరి పదమునకే ప్రాధాన్యము. ముందున్న పదము ఎంత గొప్పదైనను విశేషణమే. బ్రౌజరు చిరునామా అచ్చముగా తత్పురుష సమాసము. మొదటి ఏటవాలు గీత వరకు చదివి, అక్కడనుండి వెనుకకు రావలెను. కర్ణాటక ఫలితముల స్థలము 'కర్ రిజల్ట్స్ డాట్ ఎన్.ఐ.సి. డాట్ ఇన్'. చివరనున్న 'ఎన్.ఐ.సి. డాట్ ఇన్' అనునదియే దాని యజమానిని తెలుపుచున్నది. ఆ తుది పదములును, 'గవ్ డాట్ ఇన్' అను తుది పదములును ప్రభుత్వమునకు తప్ప ఇతరులకు లభింపవు. ఎవడైనను 'ఎన్.ఐ.సి. డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్' అని పెట్టుకొన్నాడనుకొందము. అది ఫలానా వాని సొత్తు. ముందు ప్రభుత్వపు పేరు ధరించుట రాజవేషము వేయుట వంటిది. 'ఫలానా డాట్ కామ్' తరువాత ఏటవాలు గీత గీసి 'ఎన్.ఐ.సి.' అని వ్రాసినను అంతే. నడుమ చుక్కకు బదులు అడ్డగీతతో 'రిజల్ట్స్-ఎన్.ఐ.సి. డాట్ కామ్' అన్నను అది వేరే యిల్లే. ఫోనులో చిరునామా పూర్తిగా కనబడదు. పైనున్న పెట్టెను తాకి, వ్రేలితో జరిపి, చివరి వరకు చదువవలెను. వెదకినప్పుడు మొట్టమొదట వచ్చునది ప్రకటన కావచ్చును, 'స్పాన్సర్డ్' అను మాట దాని గుర్తు.

"తాళము గుర్తు ఉన్నది కదా, నమ్మవచ్చునా?" అని అడుగుదురు. తాళమునకు అర్థము, మనము వ్రాసినది త్రోవలో ఇతరులు చదువజాలరని మాత్రమే. చేరవలసిన చోట నున్నవాడు మంచివాడని కాదు. తపాలా కవరు గట్టిగా అంటించినంత మాత్రమున అందుకొనువాడు సత్యసంధుడు కాడు. దొంగ స్థలములకును తాళము దొరకును. జనులు దీనిని అపార్థము చేసికొనుచున్నారనియే 2023 సెప్టెంబరులో క్రోము ఆ గుర్తును తొలగించి వేరొకటి నుంచినది.

ఫలితముల పుట తెరచుకొనుటలో ఆలస్యమైనచో మరల మరల నొక్కుట వలన రద్దీ పెరుగునే గాని తరుగదు. కొంతసేపటికి ప్రయత్నించుడు. పుట వచ్చియు "ఫలితములు ఇంకను వెలువడలేదు" అనియే చూపుచున్నచో, బ్రౌజరు నిలువచేసికొన్న పాత ప్రతిని చూపుచుండవచ్చును. కంట్రోలు, షిఫ్టు, ఆర్ మీటలను కలిపి నొక్కినచో క్రొత్త ప్రతిని తెచ్చును. ఈ చిట్కా రుసుము చెల్లించు పుటపై మాత్రము పనికిరాదు. డబ్బు చెల్లించిన వెంటనే పుటను మరల తెప్పించినచో రెండవసారి చెల్లింపు జరుగు ప్రమాదము కలదు. బ్యాంకు సందేశము వచ్చువరకు ఓపిక పట్టుడు. ఫలితము కనబడగానే ముద్రణ ఆదేశమిచ్చి కాగితమునకు బదులు పిడిఎఫ్ గా దాచుకొనుడు.

"మా ఫోనులో గంటగంటకు వైరస్ ఉన్నదని హెచ్చరికలు వచ్చుచున్నవి" అని తల్లులు చెప్పుచుందురు. చాలవరకు అది వైరస్ కాదు. ఏదో ఒక స్థలము "మీకు సందేశములు పంపవచ్చునా?" అని అడిగినప్పుడు చూడక 'అలో' అని నొక్కియుందురు. నాటినుండి అది ప్రకటనలను హెచ్చరికల రూపమున పంపుచుండును. సెట్టింగులలో నోటిఫికేషన్లు అను చోట తెలియని పేర్లనన్నిటిని తొలగించినచో శాంతించును. ఇందుకు డబ్బు తీసికొని మందు అమ్మువారిని దరిచేరనీయకుడు.

సైబర్ సెంటరులో దరఖాస్తు నింపువారు 'పాస్‌వర్డు దాచవలెనా?' అన్న ప్రశ్నకు వలదనియే చెప్పవలెను. అక్కడ రహస్య కిటికీ, అనగా ఇన్‌కాగ్నిటో, నిజముగా ఉపకరించును. దానిని మూసినంతనే చరిత్ర, కుకీలు చెరిగిపోవును. దింపుకొన్న ఫైళ్లు మాత్రము చెరగవు, వానిని చేతితో తొలగించి రావలెను. మా పెద్ద తరగతుల పిల్లలకు ఈ కిటికీయందు అపార విశ్వాసము. ఇంటివారికి తెలియదు గనుక లోకమునకు తెలియదని వారి తలంపు. ఆ కిటికీ ఈ యంత్రములో చరిత్రను దాచదు, అంతమాత్రమే. దర్శించిన స్థలమునకును, ఇంటర్నెట్టు నిచ్చువారికిని, పాఠశాలలోనైన పాఠశాల నెట్‌వర్కునకును రాకపోకలు తెలియును. ఈ విషయముననే అమెరికాలో 2020లో గూగుల్ సంస్థపై దావా వేయబడినది. 2024లో కుదిరిన రాజీలో సేకరించిన సమాచారమును చెరిపివేయుటకు సంస్థ అంగీకరించినది.

పొరపాటున మూసిన పుటను తిరిగి తెచ్చుటకు కంట్రోలు, షిఫ్టు, టి మీటలు చాలును. రహస్య కిటికీని మూసినచో అది సాధ్యము కాదు. తెచ్చిన పుటలో సగము వ్రాసిన దరఖాస్తు పాఠము ఉండునని మాత్రము ఆశింపరాదు. పొడవైన వ్యాసమును గాని ఉత్తరమును గాని ముందు వేరొక చోట వ్రాసి దాచుకొని, పిమ్మట పెట్టెలో అతికించుట క్షేమము. పుటలోని అక్షరములు చిన్నవిగా నున్నచో కంట్రోలుతో కూడిక గుర్తును, పెద్దవైనచో తీసివేత గుర్తును నొక్కవలెను. సున్నను నొక్కినచో యథాస్థితికి వచ్చును.